పీహెచ్‌డీలో వర్క్‌షాపులు, సర్టిఫికెట్లు: దేనికి వెళ్ళాలి, దేన్ని వదిలేయాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. బెంగళూరులో కెమిస్ట్రీ పీహెచ్‌డీ రెండో ఏడు, ఊరు శ్రీకాకుళం దగ్గర, పదో తరగతి దాకా తెలుగు మీడియం, వారానికి నాలుగైదు మెయిల్స్ వస్తున్నాయి ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ అని, ఒకటి సాఫ్ట్ స్కిల్స్, ఒకటి మూడు నిమిషాల థీసిస్ పోటీ, ఒకటి పేటెంట్ల మీద సెమినార్, ఇంకోటి మార్చిలో ఎక్కడో స్ప్రింగ్ స్కూల్ అనే కొద్దిరోజుల కోర్సు, మీ గైడేమో "ముందు పేపర్ సంగతి చూడు" అంటున్నారు, ఇండస్ట్రీకి పోవాలో లెక్చరర్ అవ్వాలో నీకే ఇంకా తేల్లేదు, వీటిలో దేనికి వెళ్ళాలి అని. అంతే కదా.

నా సంగతి ముందు చెప్తా, లేకపోతే ఎవరో ఊరికే సలహాలిస్తున్నారు అనుకుంటావు. మాది నరసరావుపేట. నేనూ బెంగళూరులోనే కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశా, ఐదున్నరేళ్ళు పట్టింది, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు ఒక కంపెనీ ఆర్ అండ్ డీలో చేస్తున్నా, ఓ నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ వాళ్ళని తీసుకునే ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూడా కూర్చుంటున్నా. (సర్ అని రాశావు, పర్లేదులే, అక్కా అను చాలు.)

నా పీహెచ్‌డీ అయ్యేసరికి నా దగ్గర 14 సర్టిఫికెట్లు ఉన్నాయి. లెక్కపెట్టి మరీ చెప్తున్నా, ఒక నీలం ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకున్నా, ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు సంకలో పెట్టుకుని వెళ్ళేదాన్ని, ఒక్కరంటే ఒక్కరు అది తెరవమని అడగలేదు. ఒక సాఫ్ట్ స్కిల్స్ వర్క్‌షాప్‌లో అయితే ట్రైనర్ గారు మమ్మల్ని టీములుగా చేసి పాత న్యూస్‌పేపర్లతో టవర్ కట్టమన్నారు, ఎవరిది ఎత్తుగా ఉంటే వాళ్ళు లీడర్లంట. మధ్యాహ్నం సమోసా, టీ, సాయంత్రం సర్టిఫికెట్. ఆ రోజు నేను ల్యాబ్‌లో ఉండుంటే ఒక కాలమ్ (మిశ్రమంలోంచి పదార్థాల్ని విడదీసే పని) అయిపోయేది.

అందుకని తర్వాత తర్వాత ఏ మెయిల్ వచ్చినా రెండే చూసేదాన్ని. అక్కడ నా చేత ఏదన్నా చేయిస్తారా, చేసింది చూసి ఇక్కడ బాలేదమ్మా అని మొహం మీద చెప్పే మనిషి ఉంటారా. రెండూ ఉంటే వెళ్ళు, మీ సర్ కొంచెం విసుక్కున్నా వెళ్ళు. ఊరికే కూర్చుని వినేదైతే దాని వీడియో ఎలాగూ ఎక్కడో ఉంటది, రాత్రి అన్నం తింటా చూసుకో.

ఈ లెక్కన చూస్తే అన్నిటికన్నా పైన ఉండేది నీ మెయిల్ లిస్టులో అసలు లేదు, అది పాఠం చెప్పడం. డిగ్రీ వాళ్ళ ల్యాబ్ క్లాసుకి టీఏ (టీచింగ్ అసిస్టెంట్) డ్యూటీ వేస్తే చాలామంది తప్పించుకోడానికి చూస్తారు, నేనూ చూశా. నాకు బీఎస్సీ మొదటేడు వాళ్ళకి టైట్రేషన్ పడింది, ఆక్సాలిక్ యాసిడ్, సోడియం హైడ్రాక్సైడ్, ఫినాఫ్తలీన్, అదే ఇంటర్‌లో మనం చేసిందే. లేత గులాబి రంగు రాగానే ఆపండి అని చెప్పి నేను నా పేపర్ ప్రింట్ చదువుకుంటూ కూర్చున్నా. కోలారు అమ్మాయి ఒకతి, వాళ్ళింట్లో తెలుగే, మెల్లగా వచ్చి "అక్కా, ఆపి పక్కన పెడితే రంగు పోతోంది, అయితే నా రీడింగ్ తప్పా?" అంది. రీడింగ్ కరెక్టేలే అన్నా. "మరి ఎందుకు పోతోంది?" అంది. నాకు తెలీదు. పీహెచ్‌డీ మూడో ఏడు, ఒక పేపర్ కూడా వచ్చింది, టైట్రేషన్‌లో రంగెందుకు పోతుందో తెలీదు! వచ్చే వారం చెప్తా అని తప్పించుకున్నా. ఆ రాత్రి కూర్చుని చూస్తే సింపుల్, గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కలిసి పీహెచ్ కొంచెం కొంచెం తగ్గుద్ది, ఎండ్ పాయింట్ దగ్గర మిగిలిన క్షారం మరీ కొంచెం కాబట్టి దానికే రంగు పోద్ది. తర్వాతి వారం రెండు శంఖు కుప్పెలు పెట్టి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో చేసి, ఒకదానికి బిరడా బిగించి ఒకదాన్ని తెరిచి వదిలేశా, క్లాస్ అయ్యేలోపు తెరిచింది రంగు లేకుండా అయిపోయింది, మూసింది అలానే గులాబి రంగులో ఉంది. ఆ పిల్ల మొహం చూడాలి నువ్వు.

రెండేళ్ళ తర్వాత నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో "నీకు తెలియనిది ఎవరన్నా అడిగితే ఏం చేస్తావ్" అని అడిగారు. నేను థీసిస్ సంగతి ఎత్తలేదు, ఈ రెండు కుప్పెల కథ చెప్పా. ప్యానెల్‌లో ఒక పెద్దాయన దాని మీదే ఐదు నిమిషాలు ప్రశ్నలేశారు.

ఇంకో సంగతి, ఇది నీ గైడ్‌కి చెప్పడానికి పనికొస్తది. యూజీసీ 2022లో పెట్టిన పీహెచ్‌డీ నిబంధనల్లోనే ఉంది, ఏ సబ్జెక్ట్ వాళ్ళైనా పీహెచ్‌డీ టైమ్‌లో బోధన, రాతల్లో శిక్షణ తీసుకోవాలని, వారానికి 4 నుంచి 6 గంటల టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ పని ఇవ్వొచ్చని. అంటే నువ్వు ల్యాబ్ ఎగ్గొట్టి ఏదో సరదాకి పోవట్లేదు, రూల్ ప్రకారం చేయాల్సిందే చేస్తున్నావు. అలాగే రీసెర్చ్ ఎథిక్స్ మీద రెండు క్రెడిట్ల కోర్సు 2019 నుంచి అందరికీ తప్పనిసరి చేశారు, అది ఎలాగూ అయిపోయి ఉంటది నీకు.

సరే, సీవీ సంగతికొద్దాం. ఇదే అసలు నొప్పి పుట్టించేది. నా సీవీ ఆరు పేజీలుండేది. మా ల్యాబ్ సీనియర్ ఒకాయన, తెనాలి వైపు అన్న, అప్పటికే కంపెనీలో చేస్తున్నాడు, ఒక ఆదివారం మత్తికెరెలో ఆంధ్రా మెస్‌కి రమ్మని, పప్పన్నం తినేదాకా ఏం మాట్లాడకుండా, చేయి కడుక్కొచ్చి నా సీవీ బల్ల మీద పెట్టి పెన్సిల్ తీశాడు. పార్టిసిపేటెడ్ అని ఉన్న ప్రతి లైనూ కొట్టేశాడు. 14 పోయాయి. హాబీలు పోయాయి. నాన్న పేరు, పుట్టిన తేదీ, పైన ప్రకటిస్తున్న విషయాలు నిజమని సంతకం, అన్నీ పోయాయి. చివరికి ఒకటిన్నర పేజీ మిగిలింది, నాకు ఏడుపొచ్చింది నిజంగా. అప్పుడడిగాడు, "డిపార్ట్‌మెంట్‌లో నీ చేత్తో నడిపిన మెషిన్ ఏది?"

హెచ్‌పీఎల్‌సీ అన్నా, మిశ్రమంలో ఏది ఎంతుందో విడదీసి కొలిచే మెషిన్. రెండేళ్ళు దాని బుకింగ్ రిజిస్టర్ నా దగ్గరే ఉండేది, కాలమ్ పాడైతే నేనే చూసేదాన్ని, సర్వీస్ ఇంజనీర్ వస్తే నేనే పక్కన నిలబడేదాన్ని, జూనియర్స్ ఆరుగురికి నేర్పించా. "ఇది సీవీలో ఎక్కడుందమ్మా?" అన్నాడు. లేదు. అది పని అనుకోలేదు నేను, గొడ్డు చాకిరీ అనుకున్నా. కెమికల్స్ కొనడానికి మూడు కొటేషన్లు తెప్పించి కంపారిటివ్ స్టేట్‌మెంట్ రాసి పర్చేజ్ సెక్షన్ చుట్టూ తిరిగానే, అదీ లేదు. ఆ రెండూ తీసుకెళ్ళి మొదటి పేజీలో పైన రాశాడు. ఇప్పుడు నేను అవతల వైపు కూర్చుని చూస్తే అర్థమవుతోంది ఎందుకో, పేపర్లు అందరికీ ఉంటాయి, ఒక మెషిన్ ఆగిపోతే చేయి పెట్టే మనిషా కాదా అనేదే మేం వెతుకుతాం. మీకిప్పుడు కొనుగోళ్ళు జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ళ పోర్టల్‌లో అవుతాయి కదా, నువ్వు చేస్తుంటే అది కూడా రాయి. ఇవాళే ఒక నోట్‌బుక్ పెట్టుకో, ఏ నెలలో ఏం బాగు చేశావు, ఎవరికి ఏం నేర్పావు, రెండు ముక్కలు రాసుకో, నాలుగో ఏడాదికి గుర్తుండదు.

మూడు నిమిషాల థీసిస్ పోటీకి మాత్రం పేరిచ్చెయ్, ఆలోచించకు. అది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో మొదలుపెట్టింది, ఒకే స్లైడ్, అదీ కదలకూడదు, మూడు నిమిషాలు దాటితే ఔట్. గెలవడం సంగతి వదిలెయ్. దానికి ప్రిపేర్ అయ్యేటప్పుడు మీ అమ్మకి ఫోన్ చేసి తెలుగులో నీ థీసిస్ చెప్పు ఒకసారి. క్యాటలిస్ట్, సెలెక్టివిటీ అనే మాటలు వాడకుండా చెప్పాలి. నాకు అమ్మ అడిగిన మొదటి ప్రశ్న "అది చేస్తే ఎవరికి లాభం?" అని, తర్వాత అచ్చం అదే ప్రశ్న నా వైవాలో బయట్నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగారు, ఇంగ్లీషులో. రాయడం ఇష్టమైతే డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) వాళ్ళు 2018లో మొదలెట్టిన అవసర్ పోటీ గురించి కూడా చూడు, మన రీసెర్చ్‌ని మామూలు జనానికి అర్థమయ్యేట్టు కథనంలా రాయాలి, పీహెచ్‌డీ వాళ్ళకి మొదటి బహుమతి లక్ష రూపాయలు పెట్టారు. నోటిఫికేషన్ ఉందా, ఈసారి రూల్స్ ఏంటో చూసుకుని మరీ రాయి.

పేటెంట్ల సెమినార్. ఇది వినేదే అయినా వెళ్ళమంటా, ఎందుకంటే కెమిస్ట్రీ వాళ్ళకి ఇదొక ఉద్యోగం దారి అని చాలామందికి తెలీదు. పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఉంటది, సైన్స్ డిగ్రీ, 21 ఏళ్ళు నిండిన భారత పౌరుడైతే చాలు, లా చదవక్కర్లేదు, రెండు పేపర్లు, ఒక వైవా, ఒక్కో పేపర్‌లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. ప్రతి ఏడూ ఖచ్చితంగా పెడతారని లేదు, అందుకని నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచాలి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అదే రాసి బెంగళూరులోనే పేటెంట్ల పని చూసే ఐపీ ఫర్మ్‌లో చేరింది, ల్యాబ్ కోటు వేసుకోకుండా రోజంతా కెమిస్ట్రీ చదువుకుంటది, హాయిగా ఉంది. ఉద్యోగం సంగతి పక్కన పెట్టినా ఒకటి గుర్తు పెట్టుకో, నీ పనిలో పేటెంట్ చేసేది ఏదన్నా ఉంటే పోస్టర్ పెట్టకముందే మీ సర్‌ని అడుగు. మన చట్టంలో కొన్ని సందర్భాల్లో 12 నెలల వెసులుబాటు ఉంది గానీ యూరప్‌లో అయితే ముందే బయటపెట్టిన దానికి పేటెంట్ రాదనే అనుకో.

కాన్ఫరెన్సుల్లో రెండు రకాలు. "డియర్ ఎమినెంట్ రీసెర్చర్" అని మెయిల్ వచ్చి, కెమిస్ట్రీ, మెకానికల్, మేనేజ్‌మెంట్ మూడూ ఒకే హోటల్ హాల్లో జరుగుతూ, ముందు ఫీజు కట్టమంటే అది ఏంటో నీకే తెలుసు, డిలీట్ కొట్టు. మంచివి నీ ఊళ్ళోనే ఉన్నాయి, సీఆర్‌ఎస్‌ఐ (కెమిస్ట్రీ రీసెర్చ్ వాళ్ళది), ఎంఆర్‌ఎస్‌ఐ (మెటీరియల్స్ వాళ్ళది) రెండు సొసైటీలూ ఐఐఎస్‌సీ కేంద్రంగా పుట్టినవే, వాటి మీటింగుల్లో పోస్టర్ పెడితే నిజంగా చదివేవాళ్ళు వస్తారు. ఫారిన్ కాన్ఫరెన్స్‌కైతే రీసెర్చ్‌కి నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ బోర్డు ఎస్ఈఆర్‌బీ ట్రావెల్ సపోర్ట్ ఉండేది, ఇప్పుడు ఎస్ఈఆర్‌బీ మొత్తం ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసింది, సీఎస్ఐఆర్ వాళ్ళూ ఇస్తారు. దీన్లో నా దెబ్బ చెప్తా. నాకు అబ్‌స్ట్రాక్ట్ (పని సారాంశం) యాక్సెప్ట్ అయింది, ట్రావెల్ గ్రాంట్ అప్లికేషన్‌కి మా యూనివర్సిటీలో ఒక సంతకం కావాలి, ఫైల్ సెక్షన్‌లో 19 రోజులు కూర్చుంది, రోజూ వెళ్ళి అడిగితే సార్ సీట్లో లేరు, టిఫిన్‌కెళ్ళారు, రేపు రండి. గడువు అయిపోయిన తెల్లారి సంతకం అయింది. అప్పుడు జేఆర్‌ఎఫ్ (మొదటి రెండేళ్ళ ఫెలోషిప్) నెలకి 16,000, సొంత డబ్బుతో టికెట్ కొనే ముచ్చటే లేదు. నీకిప్పుడు 37,000 వస్తున్నా ఇక్కడి అద్దెలకి అదే కథ అనుకో. అందుకని ఏం చేయాలంటే, అబ్‌స్ట్రాక్ట్ పంపిన రోజే సంతకాల ఫైల్ కూడా కదిలించు, యాక్సెప్ట్ కాకపోతే చించేస్తావ్, ఏం పోయింది.

మూడో ఏడు వచ్చాక ఫుల్‌బ్రైట్ నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్ కూడా చూడు, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూనే 6 నుంచి 9 నెలలు అమెరికా ల్యాబ్‌లో పని చేసి రావొచ్చు. అక్కడి ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి ఒప్పించుకోడానికే నెలలు పడతాయి కాబట్టి ఇప్పట్నుంచే ఎవరి పేపర్లు నీకు నచ్చుతున్నాయో రాసిపెట్టుకో.

బెంగళూరులో ఉండి ల్యాబ్, హాస్టల్, మెస్ మాత్రమే చూసేవాళ్ళని చూస్తే నాకు పాపం అనిపిస్తది. ఐఐఎస్‌సీ, జక్కూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్, రామన్ ఇన్‌స్టిట్యూట్, ఎన్‌సీబీఎస్, ఈ రీసెర్చ్ సంస్థల్లో వారం వారం సెమినార్లు జరుగుతుంటాయి, చాలావాటికి బయటి స్టూడెంట్స్ వెళ్ళి వెనక కూర్చోవచ్చు. ఐసీటీఎస్ అనే రీసెర్చ్ సంస్థ వాళ్ళ సైన్స్ ఉపన్యాసాలు కాపీ విత్ క్యూరియాసిటీ అని ప్లానెటేరియంలో జరుగుతుంటాయి, మామూలు జనానికి సైన్స్ ఎలా చెప్పాలో చూడ్డానికే వెళ్ళు. కంపెనీలు చూస్తే, వైట్‌ఫీల్డ్‌లో యూనిలీవర్ ఆర్ అండ్ డీ, బొమ్మసంద్రలో సింజీన్, ఎయిర్‌పోర్ట్ వైపు షెల్, ఇవన్నీ కెమిస్ట్రీ వాళ్ళని తీసుకునేవే. పర్పుల్ లైన్ ఇప్పుడు వైట్‌ఫీల్డ్ దాకా ఉంది కాబట్టి మా రోజుల్లాగా కేఆర్ పురం బ్రిడ్జి దగ్గర సగం జీవితం పోదు. మీ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసి అక్కడ చేరినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, పేర్లు డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడుగు. లింక్డ్‌ఇన్‌లో "ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండి సర్" అని మెసేజ్ పెట్టకు, నాకు రోజూ ఇలాంటివి వస్తాయి, ఏం చెప్పాలో తెలీదు. "మీ పనిలో ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తది, ఓ పదిహేను నిమిషాలు ఫోన్‌లో చెప్తారా" అని అడుగు, దానికి కాదనేవాళ్ళు తక్కువ. అలా నలుగురితో మాట్లాడితే ఇండస్ట్రీయా టీచింగా అనేది నీకే తేల్తది, కూర్చుని ఆలోచిస్తే తేలేది కాదు అది.

ఇంగ్లీష్ భయం గురించి రాశావు. నాదీ తెలుగు మీడియమే, మొదటి గ్రూప్ మీటింగ్‌లో వోర్టెక్స్ (ద్రవాల్ని గిరగిరా కలిపే మిషన్) అనే మాట నోరు తిరగక మిషన్ అని నెట్టుకొచ్చా. స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులకి డబ్బులు తగలెయ్యకు. నేనూ ఇంకో మలయాళీ అమ్మాయీ శనివారం పొద్దున ఏడింటికి క్యాంటీన్‌లో కూర్చుని ఒకరి పేజీ ఒకరు దిద్దుకునేవాళ్ళం, వారానికి ఒక్క పేజీ, ఎర్ర పెన్ను, మొహమాటం లేదు, ఏడాదిన్నర చేశాం. మాట్లాడ్డానికైతే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు బెంగళూరు నిండా ఉన్నాయి, గెస్ట్‌గా వెళ్ళి చూడు ముందు. నీ ప్రశ్న చదివితే నీకు విషయం చెప్పడం వచ్చు, ఎటొచ్చీ ఆ భాషలో చెప్పడం రావాలి, అంతే.

ఇక మీ సర్. ఆయన్ని విలన్ చేయకు, ఆయనకి ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వాల్సిన తేదీ ఒకటి నెత్తిన ఉంటది. "సర్, వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చా" అని అడిగితే వద్దనే అంటారు, నేనైనా అదే అంటా. ఇలా అడిగి చూడు: "సర్, ఈ గురువారం లోపు మూడు రియాక్షన్ల ఎన్ఎంఆర్ టెస్ట్ రిజల్ట్స్ మీ బల్ల మీద పెడతా, శుక్రవారం ఆ పోటీకి వెళ్ళొస్తా, మన పేపర్ ఇంట్రడక్షన్ దాంతోనే సగం రాసినట్టవుద్ది." చెప్పినట్టు గురువారం పెట్టు మరి, ఒకసారి మాట తప్పావంటే ఇంక రెండేళ్ళు ఎక్కడికీ పంపరు. ఏడాదికోసారి అరగంట టైమ్ అడిగి, నీకేం కావాలనుకుంటున్నావో ఒక కాగితం మీద రాసుకెళ్ళి చూపించు. దానికి సైన్స్ పత్రిక వాళ్ళ సైట్‌లో మైఐడీపీ అని ఫ్రీ టూల్ ఉంది, నింపితే నీకే కొంచెం క్లారిటీ వస్తది, కొన్ని ప్రశ్నలు అమెరికా వాళ్ళకి తగ్గట్టు ఉంటాయి, వాటిని వదిలెయ్.

ఆ మార్చి స్ప్రింగ్ స్కూల్ సంగతి. హ్యాండ్స్ ఆన్ సెషన్లు ఉన్నాయి, చివర్లో మినీ ప్రాజెక్ట్ చూపించాలి అని రాశావు కాబట్టి అప్లై చెయ్. సాఫ్ట్ స్కిల్స్‌ది వదిలెయ్. స్కూల్‌కి రికమెండేషన్ లెటర్ కావాలి, మీ సర్ వచ్చే వారం ఊరెళ్తున్నారు అన్నావు, అయితే సోమవారమే అడుగు, లెటర్‌లో ఏం రాయొచ్చో నాలుగు పాయింట్లు నువ్వే రాసి పట్టుకెళ్ళు, మొదటి పాయింట్ నువ్వు చూసుకునే మెషిన్ గురించి ఉండాలి. సీవీ తయారయ్యాక పేరు, ఫోన్ నంబర్ తీసేసి ఇక్కడే పెట్టు, ఆదివారం పొద్దున చూసి కొట్టేయాల్సినవి కొట్టేస్తా.